భూమి హక్కు, సామాజిక అసమానత: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

నిర్వచనం, పరిధి

సంపద, గౌరవం, అధికారం, అవకాశం మనుషులకు పుట్టుకను బట్టి హెచ్చుతగ్గులుగా అందడాన్ని సామాజిక అసమానత అంటారు. సమాజశాస్త్రం దీన్ని జాతి, కులం, వర్గం, లింగం, తెగ అనే విభాగాల కింద చర్చిస్తుంది. భారతదేశంలో ఈ వరుసలో కులానిది మొదటి స్థానం. ఈ వ్యాసం తెలుగు రాష్ట్రాలకు, అందులోనూ వ్యవసాయ భూమి మీది హక్కుకు పరిమితం. కులానికి ఒక శాఖ, మహిళలకు ఒక శాఖ, గిరిజనులకు ఒక శాఖ, పేదరికానికి మరో శాఖ అని ప్రభుత్వం పంచుకున్నా, పల్లెలో ఈ నాలుగూ వచ్చి కలిసేది పట్టా కాగితం మీదే. ఆ కాగితం మీద ఎవరి పేరుంది, ఆ చేలో చెమటోడ్చేది ఎవరు అన్న రెండు ప్రశ్నల మధ్య దూరమే ఇక్కడి అసమానతకు ప్రధానమైన కొలత. గత డెబ్బై ఐదేళ్లలో వచ్చిన చట్టాలు ఒక్కో అసమానతను విడిగా పట్టుకున్నాయి. పట్టుకున్న దాన్ని కొంత తగ్గించాయి, పట్టించుకోని వాటి సందుల్లోంచి ఫలితాన్ని జారవిడిచాయి. ఈ వ్యాసం నిలబెట్టదలచిన వాదం ఇదే.

చారిత్రక నేపథ్యం: జమీందారీ, రైత్వారీ, జాగీరు

ఉత్తర సర్కారుల్లో 1802 నాటి శాశ్వత శిస్తు ఒప్పందం జమీందారులను స్థిరపరిచింది. దత్త మండలాల్లో 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకునే రైత్వారీ పద్ధతిని అమలు చేశాడు. జమీందారీ కన్నా రైత్వారీ న్యాయమైనదని చెప్పడం పరిపాటి. శిస్తు వరకు అది నిజమే. అయితే రైతుగా రికార్డుకెక్కినవాడు చాలాచోట్ల అప్పటికే ఊళ్లో భూమి మీద పట్టున్న కులాలవాడు. పొలంలో దిగి పనిచేసే మాల, మాదిగ కుటుంబాలు పాలేర్లుగానో, చిన్న మాన్యం అనుభవించే గ్రామ సేవకులుగానో మిగిలాయి. అలా రైత్వారీ పట్టా ఆనాటి కుల వ్యవస్థను కాగితం మీదికెక్కించి ఖరారు చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాక డెల్టా భూముల విలువ పెరిగింది. ఆ పెరుగుదల కాలువ తవ్విన కూలీకి దక్కలేదు, కాలువ కింద పట్టా ఉన్నవాడికి దక్కింది.

హైదరాబాదు సంస్థానం కథ వేరు. అక్కడి భూమిలో దాదాపు 60 శాతం ప్రభుత్వమే నేరుగా శిస్తు వసూలు చేసే దివానీ లేదా ఖాల్సా, 10 శాతం నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన సర్ఫేఖాస్, 30 శాతం కులీనులకు ఇచ్చిన జాగీర్లు. దివానీ ప్రాంతాల్లో సైతం వసూలు అధికారం ద్వారా దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. ఆ భూమి చుట్టూ అల్లుకున్నదే వెట్టి. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు, మోట తోళ్లు కుట్టివ్వాలి, మంగలి దొర కోటలాంటి ఇంట్లో, అంటే గడీలో, సేవ చేయాలి. ఎవరికీ కూలి లేదు. దొర కూతురి వెంట అత్తవారింటికి పంపే ఆడబాపకు తన శరీరం మీద కూడా హక్కు లేదు. కులం, వర్గం, లింగం అనే మూడు అధికారాలు ఒకే గడీ గుమ్మంలోంచి నడిచాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరు నిలిచిపోవడానికీ కారణం ఉంది. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ఆమె కాపాడుకున్నది కౌలు భూమి మీది పంట. సేవక కులంలో పుట్టిన స్త్రీ, పైగా కౌలుదారు. ఆనాటి లెక్కలో మూడు విధాలా హక్కు లేని మనిషి. (చూడండి: వెట్టిచాకిరీ, తెలంగాణ సాయుధ పోరాటం)

భూసంస్కరణలు: చట్టం, దాని సందులు

మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం 1948లోనూ, హైదరాబాదులో జాగీర్ల రద్దు 1949లోనూ, హైదరాబాదు కౌలుదారీ చట్టం 1950లోనూ వచ్చాయి. మధ్య దళారులను తొలగించడంలో ఇవి నిజంగా పనిచేశాయి. జమీందారు పోయాడు, జాగీర్దారు పోయాడు. వాళ్ల చోటికి వచ్చింది ఎవరన్నది తరువాతి ప్రశ్న. 1950 చట్టం రక్షిత కౌలుదారు అనే హోదాను కల్పించింది, తరువాత 38-ఇ సెక్షన్ కింద ఆ కౌలుదారులకు యాజమాన్య ధ్రువపత్రాలు ఇచ్చే ఏర్పాటు జరిగింది. దాని వల్ల ఎక్కువగా లాభపడింది ఊళ్లో కాస్త నిలదొక్కుకున్న మధ్యస్థ కులాల కౌలుదారులు. కౌలు కూడా దొరకని జీతగాళ్ల పేరు రికార్డులో ఎక్కడా లేదు కాబట్టి రక్షణ అనే మాట వాళ్లకు వర్తించలేదు.

గరిష్ఠ పరిమితి చట్టాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. 1973లో చేసిన ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. నేల రకాన్ని బట్టి కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు పరిమితిగా పెట్టింది. అంతకు మించింది మిగులు భూమి, అది భూమిలేని పేదలకు చేరాలి. చట్టం రాకను ముందే పసిగట్టిన కుటుంబాలు పంపకాలు చూపించాయి, బంధువుల పేర, పాలేర్ల పేర బినామీలు రాయించాయి. ఇదంతా తెలిసిన కథే. అంతగా చర్చకు రానిది 1977 సవరణ. భూమి లేని లేదా తక్కువ భూమి ఉన్న మేజరు కొడుకు ఇంట్లో ఉంటే ఆ కుటుంబానికి పరిమితి పెంచుకునే వీలును అది కల్పించింది. మేజరు కూతురికి ఆ వీలు లేదు. ఇద్దరు కొడుకులున్న ఇల్లు అదనంగా భూమి నిలుపుకుంటుంది, ఇద్దరు కూతుళ్లున్న ఇల్లు అంతే భూమిలో మిగులు అప్పగిస్తుంది. వర్గ అసమానతను తగ్గించడానికి తెచ్చిన చట్టం లింగ అసమానతను తనలో కలుపుకుంది, పైగా అదే కారణంగా తన అసలు లక్ష్యమైన మిగులు భూమిని కూడా తగ్గించుకుంది. ఆ తగ్గిన భూమి కోసం ఎదురుచూసినవాళ్లలో దళిత కూలీలు ఎక్కువ. ఒక్క నిబంధనలో కూతురూ, కూలీ ఇద్దరూ ఓడిపోయారు.

మిగులు భూములు, ప్రభుత్వ బంజర్లు పేదలకు అసైన్డ్ పట్టాలుగా అందాయి. ఆ భూమి చేతులు మారకుండా 1977లో బదిలీ నిషేధ చట్టం చేశారు. ఉద్దేశం మంచిది. అయితే అమ్ముకునే హక్కు లేని పట్టా మీద మిగతా రైతుకు దొరికినంత అప్పు దొరకదు. పెళ్లికో జబ్బుకో డబ్బు కావలసి వస్తే ఆ భూమి తెల్లకాగితం మీద కారుచౌకగా చేతులు మారుతుంది, ఆ కొనుగోలుదారు ఊళ్లో పలుకుబడి గలవాడే అయ్యుంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కు ఇచ్చింది. దీన్ని సమర్థించేవారు పేదవాడికీ అందరిలాంటి పట్టా దక్కిందంటారు, వ్యతిరేకించేవారు కొనేవాళ్లకు దారి తెరిచారంటారు. రెండు వాదనల్లోనూ బలముంది. భూమి ఒక్కటి ఇచ్చి అప్పు, నీరు, బేరమాడే శక్తి ఇవ్వకపోతే నిషేధమూ నిలవదు, స్వేచ్ఛా నిలవదు. (చూడండి: అసైన్డ్ భూములు, సాదాబైనామా)

కౌలు, కూలి: పట్టాకు బయట ఉన్నవాళ్లు

పట్టాదారు పాసు పుస్తకం రైతు చేతిలో చిన్న పుస్తకమే గానీ, బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం, రైతు పథకాలు అన్నీ దాని వెంటే నడుస్తాయి. కౌలురైతు ఎకరాకు ఇన్ని బస్తాలనో ఇంత రొక్కమనో ముందే ఒప్పుకుని సాగు చేస్తాడు. ఒప్పందం నోటిమాటే. ధాన్యం కొనుగోలు కేంద్రానికి తోలితే డబ్బు భూయజమాని ఖాతాలో పడవచ్చు, తుపానుకు పంట పోతే పరిహారం కూడా అటే వెళ్లవచ్చు. అప్పు మాత్రం ఎరువుల కొట్లో కౌలురైతు పేర ఉంటుంది. 2011లో సాగుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. సంతకం పెడితే కౌలుదారుకు భూమి మీద హక్కు వస్తుందేమోనన్న యజమాని భయానికి 1950 నాటి రక్షిత కౌలు జ్ఞాపకం కూడా ఒక కారణం. ఆ భయం కొత్త చట్టాలకు అడుగడుగునా అడ్డుపడింది. తెలంగాణలో 2017–18 రికార్డుల ప్రక్షాళన తరువాత పాత పహాణీలో (ఊరి భూమి రికార్డులో) సాగుచేసేవారి పేరు రాసే అనుభవదారు కాలమ్‌ను తీసేశారు. 2018లో మొదలైన రైతుబంధు ఎకరాకు సీజనుకు తొలుత 4,000 రూపాయలు, విస్తీర్ణంపై పరిమితి లేకుండా పట్టాదారుకు ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన రైతుబీమా 5 లక్షలు కూడా పట్టా ఉన్నవారికే. ఎకరాల లెక్కన పంచే సాయం ఉన్నవాడికి ఎక్కువా లేనివాడికి సున్నా ఇస్తుంది. ఇది గణితం, దీనికి సిద్ధాంతం అక్కర్లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ రైతు భరోసా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలురైతులను చేర్చుకోవడం, 2025లో తెలంగాణ భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయల పథకం తేవడం ఈ లోటును ప్రభుత్వాలు గుర్తించాయనడానికి గుర్తులు.

కూలి సంగతి మరీ స్పష్టం. నాట్లు, కలుపు, పత్తి తీత ఆడవాళ్ల పని. దుక్కి, గట్లు, మందు కొట్టడం మగవాళ్ల పని. నాట్ల కాలంలో ఆడవాళ్లు ముఠాగా ఎకరం గుత్తకు మాట్లాడుకుని, రోజంతా మోకాలి లోతు బురదలో నడుం వంచి పనిచేస్తారు. పని గంటలు తక్కువేమీ కాకపోయినా ఆడ కూలి, మగ కూలి అని రెండు రేట్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. అది చేలోకి దిగినట్టు కనిపించింది 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకంతోనే. అక్కడ పనికి కొలతే గానీ ఆడ, మగ రేట్లు లేవు. ఆ పథకం వల్ల కూలీలు దొరకడం లేదన్న ఫిర్యాదు రైతుల నుంచి బలంగా వచ్చింది. ఆ ఫిర్యాదులో చిన్నరైతు ఇబ్బంది నిజమే. అయితే కూలీకి వేరే దారి దొరికినప్పుడు మాత్రమే కూలి రేటు కదిలిందన్నది కూడా ఆ ఫిర్యాదే చెబుతోంది.

కులం: ఊరు, వాడ

వర్గమే అసలు విషయమనీ, భూమి సమస్య తీరితే కులం దానంతట అదే పోతుందనీ వామపక్ష ఉద్యమాల్లో చాలాకాలం వినిపించిన వాదన. దీనికి బలమైన సమాధానం 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులోనూ, 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులోనూ దొరికింది. మొదటి చోట వివాదం మంచినీటి చెరువు దగ్గర మొదలైంది, రెండో చోట సినిమా హాలులో కాలు తగలడంతో. మొదటి చోట ఆరుగురు, రెండో చోట ఎనిమిదిమంది దళితులు హతమయ్యారు. రెండూ నీళ్లున్న, డబ్బున్న, చదువున్న కోస్తా గ్రామాలు. వెనుకబాటుతనం వల్ల కులం మిగిలిందన్న వివరణ ఇక్కడ చెల్లదు. పంట మిగులుతో పెరిగిన యజమాని కులాల ధీమా ఒక పక్క, చదువుతో, బయటి ఉద్యోగాలతో తలెత్తిన దళిత యువకుల ఆత్మగౌరవం మరో పక్క ఎదురెదురు పడ్డాయి. అలాగని భూమి అప్రధానమని తేల్చడమూ పొరపాటే. సాంఘిక బహిష్కారం ఒక ఆయుధంగా పనిచేయగలగడానికి కారణం దళితుల కూలి, గడ్డి, దారి అన్నీ అవతలివారి పొలంలో ఉండడమే. 1989 అత్యాచారాల నిరోధక చట్టం వెనుక కారంచేడు లాంటి ఘటనల ఒత్తిడి ఉంది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది.

దళితులను ఒకే గుంపుగా చూడడం కూడా సరికాదని 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం వాదించింది. రామచంద్రరాజు కమిషన్ సిఫారసుల మీద వచ్చిన, ఎస్సీ కోటాను ఎ, బి, సి, డిలుగా విభజించే వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 మెజారిటీతో ఉపవర్గీకరణను సమర్థించింది. తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా 15 శాతం కోటాను పంచింది. ఇది ఐక్యతను చీలుస్తుందన్నది మాల సంఘాల అభ్యంతరం. అవకాశాల్లో తేడా ఇప్పటికే ఉన్నప్పుడు చీలిక వర్గీకరణతో మొదలైందని అనలేం. ఆ తేడాకు మూలాల్లో ఒకటి ఎవరికి ముందుగా మిషనరీ బడి, కాస్త భూమి దొరికాయన్నదే. క్రైస్తవం స్వీకరించిన దళితుల పరిస్థితి ఇంకా చిక్కైనది. వాడలో ఇల్లు మారదు, పని మారదు, ఎస్సీ హోదా మాత్రం పోయి బీసీ-సి కింద ఒక శాతం కోటాలోకి వస్తారు. (చూడండి: ఎస్సీ వర్గీకరణ, వెనుకబడిన తరగతులు)

స్త్రీలు: వారసత్వం, పసుపు కుంకుమ

ఆస్తి హక్కు విషయంలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు నడిచింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. కేంద్రం ఆ పని 2005లో చేసింది, తండ్రి బతికుండాలన్న షరతు లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. దీనికి ఎదురయ్యే మామూలు అభ్యంతరం: కూతురి వాటా కట్నంగా ఇచ్చేశాం కదా, మళ్లీ పొలంలో వాటా ఏమిటి? కోస్తాలో పసుపు కుంకుమ కింద కూతురి పేర పొలం రాసే ఆచారం ఉన్నమాట వాస్తవమే. అది ఉన్నచోట ఆ స్త్రీకి మిగతావారి కన్నా మెరుగైన ఆసరా ఉంది. రొక్కంగా ఇచ్చే కట్నం మాత్రం వరుడి ఇంటికి పోతుంది, ఆమె పేర కాగితమేదీ మిగలదు. ఆంధ్రప్రదేశ్‌లో కట్న నిషేధ చట్టం 1958లో, కేంద్ర చట్టం కన్నా ముందే వచ్చింది. నేరమైన చెల్లింపును న్యాయమైన వాటాకు బదులుగా చూపించడం వాదనగా నిలవదు. హక్కు ఉన్నా పుట్టింటి సంబంధం చెడుతుందని అన్నదమ్ములకు వదులుకున్నట్టు సంతకం పెట్టే ఆడపడుచులు ఇప్పటికీ ఎక్కువే. వారసత్వ చట్టం అసలే భూమి లేని ఇంటి కూతురికి ఏమీ ఇవ్వలేదన్నది మరో సంగతి. దళిత కుటుంబాల్లో మూడెకరాలు స్త్రీ పేర ఇస్తామని 2014లో తెలంగాణ మొదలుపెట్టిన పథకం ఆ రెండు లోటులనూ కలిపి చూసింది. అమలు మాత్రం లక్ష్యానికి చాలా దూరంలో ఆగిపోయింది.

ఏజెన్సీ: తెగలు, 1/70

గిరిజన ప్రాంతాల్లో భూబదిలీ నియంత్రణ 1917 ఏజెన్సీ చట్టం నాటిది. 1959 నిబంధనను 1970లో సవరించాక అది 1/70గా జనం నోట నిలిచింది. దీని కింద ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలోని భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగానే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవలసింది గిరిజనేతరుడే. గిరిజనేతరుల మధ్య అమ్మకాలు సైతం చెల్లవు. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997లో సమత తీర్పు మరింత ముందుకెళ్లి, బొర్రా ప్రాంతపు గనుల కేసులో ప్రభుత్వం కూడా గిరిజనేతర వ్యక్తి కిందికే వస్తుందని, ప్రైవేటు సంస్థలకు లీజులివ్వరాదని చెప్పింది. చట్టం బలమైనది కనుక దొడ్డిదారులు వెతికారు. గిరిజన స్త్రీని పెళ్లాడి లేదా అలా చూపించి ఆమె పేర భూమి నడపడం వాటిలో ఒకటి. తెగను కాపాడే నిబంధనకు లింగ అసమానతే కన్నం పెట్టింది. తెగల మధ్య తేడాలూ ఉన్నాయి. తెలంగాణలో లంబాడీలకు 1976లో ఎస్టీ హోదా వచ్చాక ఆదిలాబాదులో గోండు, కొలాం ప్రజలతో ఏర్పడిన పోటీ నేటికీ తీరలేదు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజన స్త్రీల అక్షరాస్యత 40 శాతం దగ్గర ఉంది. తెగ, లింగం, పేదరికం కలిసినచోట అంకె ఎంత కిందికి దిగుతుందో ఇది చూపుతుంది. చట్టం ఉన్నా గిరిజనుల భూమి పోయే మరో దారి ముంపు: పోలవరం ప్రాజెక్టు కింద మునిగే ఊళ్లలో కోయ, కొండరెడ్డి కుటుంబాలు ఎక్కువ. (చూడండి: అయిదో షెడ్యూలు, అటవీ హక్కుల చట్టం 2006, ఇంద్రవెల్లి)

భూమి విలువ తగ్గిందా?

వ్యవసాయం నష్టాల్లో ఉంది, యువత నగరాలకు, అమెరికాకు వెళ్లింది, ఇంకా పట్టా చుట్టూ చర్చ ఎందుకన్నది గట్టి అభ్యంతరం. ఇందులో ఒక భాగం ఒప్పుకోదగినదే. రిజర్వేషన్లు, సంక్షేమ హాస్టళ్లు, ఫీజుల చెల్లింపు వల్ల భూమి లేకుండానే చదువుకుని పైకొచ్చిన కుటుంబాలు ఉన్నాయి. అయినా డెల్టా పంట మిగులు రైసు మిల్లులకు, సినిమా హాళ్లకు, కాంట్రాక్టులకు, ప్రైవేటు కాలేజీలకు, విదేశీ చదువులకు పెట్టుబడి అయిన తీరు చూస్తే, నేటి నగర సంపదలో పాత పట్టా ఛాయ కనిపిస్తుంది.   

భూమి విలువ తగ్గలేదనడానికి అమరావతి భూసమీకరణ చాలు. 2015లో 29 గ్రామాల్లో 33,000 ఎకరాల పైచిలుకు సమీకరించినప్పుడు మెట్ట ఎకరా ఇచ్చిన పట్టాదారుకు 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. ఏటా పలు పంటలు పండే జరీబు ఎకరాకు 1,000, 450 గజాలు. అసైన్డ్ భూమివారికి తొలుత ఇచ్చిన ప్యాకేజీ అంతకన్నా తక్కువ. భూమిలేని కూలీ కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను, పదేళ్లపాటు. ఒకే చేలో పనిచేసినవారి మధ్య, అవే గ్రామాల్లో, ఒకరికి రాజధానిలో స్థలం, మరొకరికి నెలసరి భత్యం. పంట విలువ పడిపోయిన కాలంలోనే పట్టా విలువ ఆకాశాన్నంటింది.

గణన, కొలతలు

అసమానతను తగ్గించాలంటే ముందు దాన్ని లెక్కలో చూపాలి. 1931 తరువాత జనగణన అన్ని కులాలనూ లెక్కించి ప్రచురించలేదు. రాబోయే జనగణనలో కులాన్ని చేర్చాలని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. తెలంగాణ 2024 చివర చేసిన ఇంటింటి సర్వేలో ముస్లిం బీసీలతో కలిపి వెనుకబడిన తరగతులు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 శాతంగా తేలారు. భూమి లెక్క తీసే వ్యవసాయ గణన వేరే దారిలో నడుస్తుంది. 2015–16 గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో స్త్రీలు నడిపేవి 14 శాతం లోపు. 2011 జనగణనలో జనాభాలో 16.6 శాతం ఉన్న ఎస్సీల చేతిలోని సాగు విస్తీర్ణం దాదాపు 9 శాతం. వ్యవసాయ గణన చూసేది సాగు కమతాన్ని, యాజమాన్యాన్ని కాదు. ఎస్సీ, ఎస్టీ పోగా వ్యక్తుల కమతాలన్నీ ఇతరుల కిందికే వస్తాయి, బీసీలకు విడిగా కాలమ్ లేదు. వంద ఎకరాల ఆసామీ, ఎకరం కౌలు చేసే చాకలి కుటుంబం సామాజిక వర్గం కాలమ్‌లో ఒకే పద్దులో ఉంటారు. వచ్చే వ్యవసాయ గణన పత్రంలో బీసీ కాలమ్, కౌలుదారు కాలమ్, ఇంటి పెద్ద కాకపోయినా సాగు చేసే స్త్రీకి ఒక కాలమ్ చేర్చాలి.